బుల్లియ్య స్లైడు

జులై 18, 2024. గురువారం

లిస్టులో మూడో పేరు కె. యెహెజ్కేలు, 74. ఆ పేరున్నవాళ్లు ఈ గోదావరి జిల్లాల్లో ఎంతమంది లేరు అనుకుని నా ట్రే నేను సర్దుకుంటున్నాను. తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగింది. చూస్తే మా మాస్టారు.

సర్దిన ట్రేనే మళ్లీ మొదటినుంచి సర్దాను. ఎనిమిదేళ్లుగా ఈ ఎండోస్కోపీ గదిలో మూల నిలబడుతున్నాను, ఎంతమందిని చూశానో లెక్కలేదు, ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. ఆయన మాత్రం నన్ను చూసి నవ్వారు. ఏమ్మా ప్రసన్నలక్ష్మీ, స్టెయిన్ ఫ్రెష్‌గా కలిపావా, నిన్నటిదేనా అని అడిగారు. స్ట్రెచర్ మీద పడుకుని అడగాల్సిన మాటా అది. రంగు ఫ్రెష్షేనండి అన్నాను.

మాస్టారంటే బళ్లో పాఠాలు చెప్పినాయన కాదు. గోదావరి అవతల కాలవ గట్టు మీద మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడ లాబ్ ఇన్‌ఛార్జి. ఇరవయ్యేళ్ల పిల్లగా ట్రైనింగ్‌కి చేరాను. రక్తం తియ్యడం, స్లైడు మీద పరచడం, రంగు వెయ్యడం, మైక్రోస్కోపులో చూడ్డం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. ఈ రోజు నేను తినే అన్నం ఆయన పెట్టిందే.

పాంక్రియాస్ తోక, అంటే దాని ఎడమ కొస దగ్గర మూడు సెంటీమీటర్ల గడ్డ. స్కాన్ తీసినచోట కేన్సర్ అని చెప్పేశారట. ఏ రకమో తేలాలంటే సూది వెయ్యాలి. గొంతులోంచి కడుపులోకి ఒక ట్యూబు పంపిస్తారు, దాని కొసన అల్ట్రాసౌండ్ ఉంటుంది. గడ్డని తెర మీద చూస్తూ కడుపు గోడలోంచి సూది గుచ్చి లోపలున్నది లాగుతారు. సూదిలో వచ్చిన చుక్కని స్లైడు మీద పరిచి, రంగు వేసి, సెల్స్ పడ్డాయో లేదో అక్కడికక్కడే చెప్పడం నా పని. పడ్డాయంటే ఆపుతారు. లేదంటే మళ్లీ గుచ్చుతారు.

లోపలికి తీసుకెళ్లేముందు పల్లంరాజు డాక్టరుగారు పాత జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగారు. కొడుకు ఫిన్నీ చెప్పాడు, తొంభై ఎనిమిదిలో నాన్నగారికి కుడి కిడ్నీ తీసేశారండి, రాయి అని. సంపూర్ణమ్మ గారు, అంటే మాస్టారి భార్య, ఆ మిషన్ ఆసుపత్రిలోనే నర్సుగా చేసినావిడ, చాలా పెద్ద రాయండి, కిడ్నీ అంతా పాడైపోయిందన్నారు అని కలిపారు. రాయేనా, లోపల గడ్డ లాంటిదేమైనా వచ్చిందా అని డాక్టరుగారు రెండోసారి అడిగారు. రాయేనండి అన్నారు ఇద్దరూ. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

గడ్డ నిండా రక్తనాళాలే. మూడుసార్లు గుచ్చితే మూడుసార్లూ నెత్తురే వచ్చింది. మూడోదాన్లో మాత్రం కాసిని సెల్స్. తెల్లగా, ఉబ్బి, ఉడికిన సగ్గుబియ్యంలా ఉన్నాయి. ఇంక గుచ్చితే ప్రమాదమని ఆపేశారు.

ఈ సగ్గుబియ్యం సెల్స్ నేను ఎక్కడో చూశాను.

జులై 19

ఎక్కడ చూశాను?

జులై 22. సోమవారం

క్రిస్టినా డాక్టరమ్మ మా పాథాలజిస్టు. నాకంటే పదమూడేళ్లు చిన్న, నాకంటే పదమూడు రెట్లు ఓపిక. మాస్టారి స్లైడు అరగంట చూసింది. తర్వాత నన్ను పక్కన కూచోబెట్టుకుని చెప్పింది.

పాంక్రియాస్‌లో ఇలాంటి తెల్ల సెల్స్ గడ్డ చాలా అరుదట. అయితే రెండిట్లో ఒకటి. మొదటిది, పాంక్రియాస్‌లోనే పుట్టిన కేన్సర్. అదైతే ఆరు నెలలో ఏడాదో, ఈ వయసులో కొయ్యమని కూడా ఎవరూ చెప్పరు. రెండోది, ఎప్పుడో కిడ్నీలో వచ్చిన కేన్సర్ ఏళ్ల తరబడి నోరు మూసుకుని కూచుని ఇప్పుడు ఇక్కడ లేవడం. అదైతే ఆ తోక ముక్క తీసేస్తే మనిషి ఏళ్లకేళ్లు తిరుగుతాడు. మైక్రోస్కోపులో రెండూ ఒక్కలాగే ఉంటాయి. విడదీసి చెప్పే టెస్టులున్నాయి గానీ వాటికి ముక్క చాలలేదు, అంతా నెత్తురే అంది.

మరి ఆయనకి కిడ్నీ తీసేశారు కదా అన్నాను. రాయికి తీశారంటున్నారు కదా ప్రసన్న గారూ అంది. కేన్సర్ కాని కిడ్నీ నుంచి కేన్సర్ ఎలా వస్తుంది. కాబట్టి మొదటిదే అనుకోవాలి. ఇంకోసారి సూది వేస్తే కచ్చితంగా చెబుతాను అంది.

రిపోర్టులో కూడా అలాగే రాసింది. అనుమానం, మళ్లీ సూది అవసరం.

జులై 23. మంగళవారం

రెండో సూదికి మాస్టారు ఒప్పుకోలేదు. ఫిన్నీ ఫోన్ చేశాడు. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో పని వాడికి, షిఫ్టులు మానుకుని తిరుగుతున్నాడు పాపం. నాన్నగారు ఇంక చాలురా, ఇంటికి పోదాం అంటున్నారండి, మీరు చెబితే వింటారేమో అన్నాడు. ఆయన నా మాట వినడం ఏనాడైనా ఉందా.

జులై 25. గురువారం

సెలవు పెట్టాను. ఒంట్లో బాగానే ఉంది. ఆ లాబ్ గుర్తొస్తోంది, దాంతో ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

రెండు గదులు. ముందు గదిలో కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద ఇత్తడి మైక్రోస్కోపు. దానికి బల్బు ఉండేది కాదు, కింద అద్దం ఉండేది. ఎండని ఆ అద్దంలో పట్టుకుని పైకి తిప్పాలి. మబ్బు పడితే పని ఆగిపోయేది. వార్డులోంచి నర్సమ్మలు రిపోర్టు ఏదండీ అని వస్తే, మాస్టారు కిటికీ వైపు చెయ్యి చూపించి దేవుడు ఇంకా లైటు వెయ్యలేదమ్మా అనేవారు. తర్వాత కరెంటు మైక్రోస్కోపు వచ్చింది. కొత్తదాన్ని గుడ్డ కప్పి ఉంచి, ఆయన మాత్రం పాతదాని దగ్గరే కూచునేవారు.

తెల్లకణాలు లెక్కపెట్టడానికి చింతపిక్కలు. ఐదు గిన్నెలు, ఐదు రకాల కణాలు. కన్ను మైక్రోస్కోపు మీద, చెయ్యి గిన్నెల్లో. నూరు పిక్కలు పూర్తయ్యేదాకా ఎవరూ పలకరించకూడదు. ఒకసారి పాపాయి, ఆయా, తుడుస్తూ తుడుస్తూ ఒక గిన్నె తన్నేసింది. మాస్టారు తిట్టలేదు. మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టారు, అన్నం చల్లారిపోయేదాకా.

గురువారం కాకినాడ నుంచి పాథాలజీ డాక్టరుగారు ఫస్ట్ బస్సుకి వచ్చేవారు, చేతిలో కాజాల పొట్లం. వారం రోజుల స్లైడులు ఒక్క పూటలో చూసేసి మధ్యాహ్నం బస్సెక్కేసేవారు. సగం స్లైడులకి కాజా పాకం అంటుకునేది. మాస్టారు ఆయన్ని బస్సెక్కించి వచ్చి, జైలీన్ పెట్టి ఒక్కో స్లైడూ తుడుస్తూ సణుక్కునేవారు.

తిట్టింది నన్ను ఒక్కసారే. ఇద్దరు పేషెంట్ల స్లైడులు పేరు రాయకుండా పక్కపక్కన పెట్టాను. ఏది ఎవరిదో నాకు తెలుసండి, ఇది వెంకాయమ్మది అన్నాను. రెండూ తీసి చెత్తబుట్టలో పడేశారు. వార్డుకి వెళ్లి ఇద్దరికీ చేతులు జోడించి, తప్పయిపోయిందని చెప్పి మళ్లీ సూది పొడిచి తీసుకొచ్చారు. పేరు తప్పయితే మిగతాదంతా అబద్ధమేనమ్మా, ఎంత బాగా చూసినా అబద్ధమే అన్నారు. వారం రోజులు నాచేత టెస్ట్‌ట్యూబులు కడిగించారు. అప్పుడు ఏడిచాను గానీ, ఈ రోజుకీ పేరు రాయకుండా స్లైడు ముట్టుకోను.

ఆ లాబ్ మూతపడి పన్నెండేళ్లు. నా జీవితంలో నేను బాగా సంతోషంగా ఉన్నది అక్కడే అంటే మా ఆయన ఉడుక్కుంటాడు. నిజం మాత్రం అదే.

జులై 28. ఆదివారం

కొవ్వూరు వెళ్లాను, మాస్టారి ఇంటికి. బ్రిడ్జి మీద నుంచి చూస్తే గోదావరి ఎర్రగా ఒడ్డులు కోసుకుంటూ పోతోంది. 

రెండో సూది గురించి ఎత్తగానే ఆయన మాట మార్చేశారు. మీ ఆసుపత్రిలో స్టెయిన్ ఏ కంపెనీది, మైక్రోస్కోపు ఎంత, మిషన్ పాడైతే బాగుచెయ్యడానికి ఎవరొస్తారు. నేను కోప్పడ్డాను. అసలు మీకు బతకాలని లేదా అని అడిగేశాను. డెబ్భై నాలుగు చాలమ్మా అన్నారు.

సంపూర్ణమ్మ గారు గేటు దాకా వచ్చారు. నేను నర్సునమ్మా, ముప్పై ఏళ్లు చేశాను, నాకు దాచక్కర్లేదు, ఎంత టైముంది అని అడిగారు. ఇంకా తేలలేదండి అన్నాను. తేలనివ్వమని ఆయనకి నువ్వైనా చెప్పు అన్నారు. ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఆటో వచ్చాక కూడా వదల్లేదు.

ఆగస్టు 1. గురువారం

పొద్దున మా ఆయనకి సగ్గుబియ్యం జావ కాస్తుంటే గుర్తొచ్చింది. గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను, జావ అడుగంటింది.

బుల్లియ్య.

తొంభై ఎనిమిది ఆగస్టు. మాస్టారికి బుధవారం ఆపరేషన్ అనగా మంగళవారం సాయంత్రం నన్ను పిలిచారు. రేపు బుల్లియ్య అనే ఆయన కిడ్నీ కూడా వస్తుందమ్మా, నేను ఉండను కదా, బాటిల్ మీద పేరు ముందే రాసిపెట్టు, రిజిస్టర్లో కూడా ఎక్కించు అన్నారు. నా చేతే రాయించారు. మర్నాడు కిడ్నీ వచ్చింది. మాస్టారు లేకుండా మొదటిసారి నా అంతట నేను రంగు వేసిన స్లైడులు అవే. కాకినాడ డాక్టరుగారు చూసి స్టెయినింగ్ బాగుందమ్మాయ్ అని ఒక కాజా ఇచ్చారు.

సెప్టెంబర్లో మాస్టారు మళ్లీ డ్యూటీకి వచ్చారు. సగానికి సగం అయిపోయి, నడుముకి బెల్టు కట్టుకుని. రాగానే బుల్లియ్య స్లైడు అడిగారు. చాలాసేపు చూశారు. తర్వాత లేచి నన్ను కూచోమన్నారు. చూడు, తెల్లగా ఉబ్బి ఉన్నాయి చూడు, లోపల ఖాళీగా కనిపిస్తాయి గానీ ఖాళీ కాదు, కొవ్వు ఉండి స్పిరిట్‌లో కరిగిపోయింది, కిడ్నీ కేన్సర్ ఇలాగే ఉంటుంది, గుర్తు పెట్టుకో అని చెప్పారు. సగ్గుబియ్యంలా ఉన్నాయండి అన్నాను. నవ్వి, అదే గుర్తు పెట్టుకో అన్నారు.

ఆ తర్వాత ఎప్పుడైనా, బుల్లియ్య ఎలా ఉన్నాడండి అని అడిగితే, బతికే ఉన్నాడమ్మా అనేవారు.

ఆ స్లైడు దొరికితే తెచ్చి క్రిస్టినా డాక్టరమ్మకి చూపించాలి. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏమైనా తెలుస్తుందేమో. శనివారం వెళ్తాను.

ఆగస్టు 3. శనివారం

సత్తిరాజు స్కూటర్ మీద తీసుకెళ్లాడు. మూతపడ్డ ఆసుపత్రిలో పాత గాజుముక్క కోసం షాపు కట్టేసి వచ్చాను, నాలాంటి మొగుడు దొరకడు నీకు అని దారి పొడుగునా దెప్పాడు. ఈ రోజుకి నిజమే.

తాళాలు పాపాయి దగ్గరే ఉన్నాయి. ఆసుపత్రి పోయినా ఆవిడ అక్కడే, క్వార్టర్స్‌లో ఉంటోంది. నన్ను గుర్తుపట్టి బుగ్గలు నిమిరింది. లాబ్ తలుపు తెరిస్తే జైలీన్ వాసన ఇంకా ఉంది. లేదేమో, నాకే వచ్చిందేమో.

స్లైడుల పెట్టెలు సంవత్సరాల వారీగా ఉన్నాయి. మాస్టారి పద్ధతి. పది నిమిషాల్లో దొరికింది. డైమండ్ పెన్సిల్‌తో గాజు మీద గీసిన అక్షరాలు, నా చేతిరాత, ఇరవయ్యేళ్ల దాని గుండ్రటి చేతిరాత. బుల్లియ్య.

నంబరు సరిచూద్దామని రిజిస్టర్ తీశాను. 12-8-98. బుల్లియ్య, 48, మగ. కుడి కిడ్నీ. ఊరు లేదు. వార్డు లేదు. ఇన్‌పేషెంట్ నంబరు లేదు. మాస్టారి లాబ్‌లో ఒక్క గడి ఖాళీగా వదిలితే ఊరుకునేవారు కాదు. ఇక్కడ మూడు ఖాళీలు. రాసింది నేనే. అవన్నీ తర్వాత చూద్దాంలే అని ఆయన అన్నట్టు గుర్తు.

ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్ పక్క గదిలో ఉందంది పాపాయి. చూశాను. ఆ బుధవారం నాలుగు ఆపరేషన్లు. రెండు కాన్పులు, ఒక హెర్నియా, ఒక కిడ్నీ. కుడి కిడ్నీ. కె. యెహెజ్కేలు, 48, స్టాఫ్.

ఆ రోజు తీసింది ఒక్క కిడ్నీయే. బుల్లియ్య అనే మనిషే లేడు.

స్కూటర్ మీద ఏం మాట్లాడలేదు నేను. సత్తిరాజుకి భయమేసి రెండుసార్లు ఆపి మంచినీళ్లు తాగించాడు.

ఆగస్టు 4. ఆదివారం

సంపూర్ణమ్మ గారు చర్చికి వెళ్లే టైము చూసుకుని కొవ్వూరు వెళ్లాను. హ్యాండ్‌బ్యాగ్‌లో స్లైడు. 

మాస్టారి ముందు బల్ల మీద పెట్టాను. ఆయన తీసుకుని కిటికీ వెలుగులో పట్టి చూశారు, అలవాటు. ఫేడ్ అవలేదే, బాగా వేశావమ్మా అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవయ్యారేళ్లు, నా చేత అబద్ధం పేరు రాయించారు అన్నాను. మీరు నాకు చెప్పిందేంటి, నాచేత చేయించిందేంటి అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయనతో అలా మాట్లాడతానని కల్లో కూడా అనుకోలేదు.

అంతా విన్నాక చెప్పారు. నెమ్మదిగా, ఆగి ఆగి.

తొంభై ఆరు తుఫానులో సంపూర్ణమ్మ గారి అన్నగారు చేపల బోటు మీద వెళ్లి తిరిగి రాలేదు. యానాం దాకా, భైరవపాలెం దాకా వెతికారు. బోటు చెక్క కూడా దొరకలేదు. రెండేళ్లు ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు, డ్యూటీలో మందులు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకుని ఇచ్చేవారట. అప్పుడు ఈయన కిడ్నీలో గడ్డ. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరుగారిని బతిమాలి రాయి అని చెప్పించారు. కానీ రిపోర్టులు వార్డుల్లోకి నర్సుల చేతుల మీదుగానే వెళ్తాయి. యెహెజ్కేలు పేరుతో రిపోర్టు వస్తే సంపూర్ణమ్మ చూడకుండా ఉంటుందా. అందుకని బుల్లియ్య.

ఏడాది ఆగి చెబుదామనుకున్నారట. ఏడాది అయ్యాక ఐదేళ్లు గడవనీ అనుకున్నారు. ఐదేళ్లు గడిచాక ఇంక చెప్పడానికి ఏముంది అనిపించింది. మొన్న సూది వెయ్యకముందే నాకు తెలుసమ్మా ఇది కిడ్నీదేనని అన్నారు. తెలిసే రెండో సూది వద్దన్నారట. అది తేలితే డాక్టర్లు పాత రిజిస్టర్ అడుగుతారు, అడిగితే వాళ్ల ముందూ నీ ముందూ ఆ పేరు చదవాలి అన్నారు.

అంటే ఒక పేరు కోసం చచ్చిపోదామనుకున్నారన్నమాట.

మరి నాచేత ఎందుకు రాయించారు, మీరే రాసుకోవచ్చుగా అని అడిగాను. నా చెయ్యి ఆడలేదమ్మా, పెన్సిల్ పట్టుకుని అరగంట కూచున్నాను, రాయలేకపోయాను అన్నారు.

ఏడుపొచ్చింది. ఆపుకుని చెప్పేశాను, గురువారం దాకా చూస్తాను, అమ్మగారికి మీరే చెప్పండి, లేకపోతే శుక్రవారం నేను క్రిస్టినా డాక్టరమ్మకి చెబుతాను అని. తల ఊపారు. సంపూర్ణమ్మ గారు వచ్చేలోగా వచ్చేశాను.

ఆగస్టు 6

ఫోన్ రాలేదు. ఈ రోజు రెండు స్లైడులు పగలగొట్టాను.

ఆగస్టు 8. గురువారం

మధ్యాహ్నం మాస్టారే ఫోన్ చేశారు. రామ్మా, నువ్వు ఉంటే చెబుతాను అన్నారు. పర్మిషన్ అడక్కుండా వెళ్లిపోయాను.

ఆవిడ మంచం మీద కూచున్నారు. ఈయన కుర్చీలో. సంపూర్ణా, అది రాయి కాదు అన్నారు. అంతే, మిగతాది తడబడకుండా చెప్పేశారు. తుఫాను, గడ్డ, పెద్ద డాక్టరుగారు, బుల్లియ్య, రెండో సూది. లాబ్ రిపోర్టు చదివినట్టే చెప్పారు, పైనుంచి కింద దాకా.

ఆవిడ ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. ఆవిడ అడిగిన మొదటి మాట, మరి దూట రసం ఎందుకు తాగావు అని.

నాకు అర్థం కాలేదు. అప్పుడు నాకేసి తిరిగి చెప్పారు. కిడ్నీలో మళ్లీ రాయి రాకూడదని, ఉన్న ఒక్క కిడ్నీ అయినా బాగుండాలని, వారానికి రెండుసార్లు అరటి దూట తెచ్చి, నార తీసి, దంచి, పిండి, వడకట్టి ఇచ్చేదాన్నమ్మా. ఇరవయ్యారేళ్లు. డ్యూటీ దిగి వచ్చి కూడా. కడియం నుంచి లంకల దాకా ఎవరి తోటలో గెల కోశారో నాకు తెలుసు. ఆ చేదు, వగరు, ముఖం కూడా చిట్లించకుండా తాగేవాడు. ఒక్కసారైనా వద్దనలేదు.

వద్దంటే ఎందుకు వద్దని అడుగుతావని భయం అన్నారు మాస్టారు.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లారు. గిన్నెల చప్పుడు వినిపించింది. కాఫీ తెచ్చారు, ఒక్క గ్లాసు. నాకిచ్చారు. ఆయనకివ్వలేదు. ఆయన ముందు నేను ఆ కాఫీ ఎలా తాగానో దేవుడికే తెలియాలి.

గేటు దగ్గర మాత్రం అడిగారు, కిడ్నీదే అయితే నయం కదమ్మా అని. నయమేనండి, చాలా నయం అన్నాను. అయితే సూది ఎప్పుడు అన్నారు.

ఆగస్టు 9. శుక్రవారం

క్రిస్టినా డాక్టరమ్మకి అంతా చెప్పాను. పాత స్లైడు ఇచ్చాను. తిడుతుందనుకున్నాను. స్లైడు చూసి, ఇరవయ్యేళ్లకి మీరు ఇంత బాగా రంగు వేశారా అంది. ఆ మాటకి వాష్‌రూమ్‌కి వెళ్లి ఏడ్చేశాను. 

పల్లంరాజు డాక్టరుగారు మాత్రం గట్టిగానే అన్నారు. రెండుసార్లు అడిగాను కదండీ అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఈ ఇళ్లల్లో జబ్బు దాచేవాళ్లు దాస్తూనే ఉంటారు, మనం అడిగేవాళ్లం అడుగుతూనే ఉంటాం.

ఆగస్టు 14. బుధవారం

రెండో సూది. ఈసారి లావు సూది, ముక్క తీసే రకం. స్లైడుల మీద పేరు నేనే రాశాను, స్ట్రెచర్ లోపలికి రాకముందే. కె. యెహెజ్కేలు. ఏడు స్లైడులకి ఏడుసార్లు.

రెండోసారి గుచ్చినప్పుడే పడ్డాయి. నిండుగా, గుంపులు గుంపులుగా. చాలండి, ఆపండి అని నేనే అరిచాను. ఆ గదిలో నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆగస్టు 23. శుక్రవారం

టెస్టులు వచ్చాయి. కిడ్నీదే. అనుమానమేం లేదు అంది క్రిస్టినా డాక్టరమ్మ. ఇరవయ్యారేళ్ల తర్వాత రావడం పుస్తకాల్లో చదివాను గానీ చూడ్డం ఇదే అంది. ఇంకెక్కడా లేదని పెద్ద స్కాన్‌లో కూడా తేలింది. ఆపరేషన్ చెయ్యొచ్చు.

కేన్సర్ అని తేలినందుకు స్వీట్లు కొన్నది ఈ రాజమండ్రిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

సెప్టెంబర్ 11. బుధవారం

ఐదు గంటలు పట్టింది. బయటికొచ్చారు. గడ్డతో బాటు పాంక్రియాస్ తోక, ప్లీహం తీసేశారు. ఫిన్నీ నా భుజం మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, వాడికి నలభై ఏళ్లు. సంపూర్ణమ్మ గారు ఐసీయూ నర్సుని యూరిన్ ఎంత వచ్చింది, బీపీ ఎంత అని వరసగా అడుగుతున్నారు. 

సెప్టెంబర్ 20. శుక్రవారం

ఫైనల్ రిపోర్టు. కిడ్నీ కేన్సరే, గడ్డ మొత్తం బయటికి వచ్చేసింది, కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదు. 

వార్డుకి తీసుకెళ్లి మాస్టారికివ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు. ఆవిడకివ్వమ్మా అన్నారు. సంపూర్ణమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని, పేరు దగ్గర్నుంచి సంతకం దాకా, ప్రతి అక్షరం పైకి చదివారు. నర్సుల ఇంగ్లీషు, గబగబా. అయ్యాక మడిచి పక్కన పెట్టారు. ఆయనకేసి చూసి, ఏమైనా తింటావా అన్నారు. ఆగస్టు ఎనిమిది తర్వాత ఆయన్ని ఆవిడ తిండి గురించి అడగడం నేను చూడ్డం ఇదే. ఆయన ఏదైనా సరే అన్నారు.

నేను వచ్చేస్తుంటే సంపూర్ణమ్మ గారు కారిడార్లో ఆపారు. ఇది సరేనమ్మా, మరి అప్పటిదో అన్నారు. తొంభై ఎనిమిదిది. అది నాకు రావాల్సిన రిపోర్టు, నాకు రాలేదు అన్నారు.

అది ఇచ్చే అధికారం నాకు లేదండి, ఆ ఆసుపత్రే లేదు అన్నాను. నువ్వే కదమ్మా ఆ పేరు రాసింది, నువ్వే రాసివ్వు అన్నారు.

సెప్టెంబర్ 22. ఆదివారం

తెల్లకాగితం మీద రాసిచ్చాను. కాపీ ఇది.

పేరు: కె. యెహెజ్కేలు. వయసు: 48.
అందిన తేదీ: 12-8-1998.
పంపినది: కుడి కిడ్నీ. 
కనిపించినది: కిడ్నీ కేన్సర్. తెల్ల సెల్స్ రకం. రాయి లేదు.
రంగు వేసింది: ప్రసన్నలక్ష్మి, ట్రైనీ.
అందుకున్నవారు:

సంపూర్ణమ్మ గారు సంతకం పెట్టారు. కింద తేదీ వేశారు, 20-8-98 అని, అప్పట్లో ఆ రిపోర్టు రావాల్సిన గురువారం. ఈ రోజు తేదీ వెయ్యాలండి అన్నాను. ఆ రోజు వచ్చి ఉంటే నేను తట్టుకునేదాన్నమ్మా అన్నారు.

నేను దిద్దలేదు.